కారుకొక గది

ఈ కథలో ఒక్క అబద్ధం కూడా లేదు. ఉందని ఎవరైనా తేల్చితే, నా నోట్లో మీరు వేలు పెట్టి చూపించిన పన్నును మత్తుసూది లేకుండా పీకించుకుని మీ అరచేతిలో పెడతాను. కథ పళ్ల డాక్టరుది కాబట్టి పందెం కూడా దానికి తగ్గట్టే ఉండాలి కదా.

ఆ పళ్ల డాక్టరుకు ఒక కారు ఉండేది. యూరప్‌లో పుట్టి, ఓడెక్కి వచ్చిన కారు. కాటుక నలుపు రంగు, ముక్కు మీద రెక్కలు విప్పిన వెండి పక్షి, లోపల తేనెరంగు తోలు సీట్లు, చెక్క పలక మీద ఒక చిన్న గడియారం. బానెట్ ఎంత పొడవంటే, ముందు దీపాలు వీధి మలుపు తిరిగి టీ తాగి కూర్చున్నాక గానీ వెనక దీపాలు ఇల్లు వదిలేవి కావు. డాక్టరు హస్తవాసి వెలిగిపోతున్న రోజుల్లో, దేశం విడిచి వెళ్లిపోతున్న ఒక పేషెంటు దగ్గర దాన్ని కొన్నాడు. పాతికేళ్లు దాటిపోయింది. ఆయన పీకిన పళ్లను జనం మరిచిపోయారు గానీ కారును మరిచిపోలేదు. వీధి వీధంతా ఆయన్ను కారు డాక్టరనే పిలిచేది. కొత్తగా వచ్చినవాళ్లు మెకానిక్ అనుకుని స్కూటర్లు నెట్టుకుంటూ వచ్చేవారు.

కారుకు ఆయన ఒక గది కట్టించాడు. షెడ్డు అంటే ఆయనకు కోపం వచ్చేది. గది. నున్నటి గచ్చు, గాలికి కిటికీ, తేమ పట్టకుండా గోడలకు రెండు పూతల రంగు, ఎండాకాలం టైర్లు బీటలు వారకుండా పైన ఒక ఫ్యాను. ఇంటి మొత్తంలో మంచి గది అదే.

ఆయన భార్యకు గది లేదు. ఆవిడ బట్టలు కుట్టేది. ఆవిడ కుట్టుమిషను వంటింటికీ స్నానాలగదికీ మధ్యనున్న నడవలో ఉండేది. ఇంట్లో ఎవరు స్నానానికి వెళ్లాలన్నా ఆవిడ లేచి, కుర్చీ మడిచి, మిషన్ని గోడకు నెట్టి, కడుపు లోపలికి పీల్చుకుని నిలబడాలి. వాళ్లు బయటికొచ్చేటప్పుడు మళ్లీ అదే తతంగం. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు వంటింటి తలుపు వెనక నిలబడి చేతులు చాపేవారు. చాపిన చెయ్యి ఒక్కోసారి పాలగిన్నెకు తగిలేది.

ఆవిడ ఆ కారు ఒక్కసారి ఎక్కింది, కొన్న రోజున. వీధి చివరికి వెళ్లేలోగానే డాక్టరుకు ఒక అనుమానం వచ్చింది. కుట్టుపని మనిషి కదా, ఒంటి మీద ఎక్కడో మరిచిపోయిన గుండుసూది ఉంటుంది. బండి ఆపాడు.

"దిగు."

"ఏమైందండీ?"

"తోలు సీట్లు ఇవి. గీత పడిందంటే ఆ దేశం తీసుకెళ్లి కుట్టించాలి."

"నేను కుట్టలేనా?"

"నువ్వు కుట్టేది గుడ్డ."

ఆవిడ దిగి నడుచుకుంటూ ఇంటికి వచ్చేసింది. కారు ఆవిడకంటే వెనక చేరింది. అంత నెమ్మదిగా నడిపేవాడు, చూసేవాళ్లు బాగా చూడాలని.

కొన్నేళ్లకు కారులో ఏదో పంపు పాడైంది. దాని బదులు పంపు ఓడలో రావాలన్నారు. ఆ ఓడ ఇంకా బయలుదేరలేదు. అయినా ప్రతి ఆదివారం డాక్టరు గదిలోకి వెళ్లి, ముసుగు తీసి, స్టీరింగు ముందు కూర్చుని పేపరు చదివేవాడు. "బయట దుమ్ముగా ఉంది గానీ, లేకపోతే ఇవాళ తీసేవాణ్ణే" అనేవాడు. దుమ్ము లేని ఆదివారం ఆయన జాతకంలో లేదు.

ఆ రోజుల్లోనే పేషెంట్లు కూడా పలచబడ్డారు. కూర్చోవడానికి చోటు లేకే రావడం లేదని డాక్టరుకు తోచింది. వెంటనే క్లినిక్ ముందు, కారు వెళ్లే దారి పక్కన, ఒక వెయిటింగ్ హాలు లేపించాడు. దగ్గరుండి కట్టించింది ఆయన బావమరిది, అంటే ఆవిడ తమ్ముడు. తమ్ముడికి తెలియని పని లేదు, పూర్తిగా వచ్చిన పనీ లేదు. హాలుకూ క్లినిక్కుకూ మధ్య తలుపు పెట్టడం మరిచిపోయాడు. పేషెంటు హాల్లోంచి బయటపడి, కారు దారిలో నాలుగడుగులు వేసి, క్లినిక్ తలుపు తట్టాలి. హాల్లో బెంచీలు ఇప్పటికీ కొత్తవే. కూర్చున్నవాళ్లుంటే కదా పాతబడటానికి.

ఇలా ఉండగా ఆవిడ కుట్టిన చొక్కా ఒకటి ఎవరి ఒంటి మీదో చూసి, ఒక బడి ప్రిన్సిపాల్ వెతుక్కుంటూ వచ్చింది. బడి పిల్లలందరికీ యూనిఫాం కుట్టించాలట.

"కాలరు చూసి వచ్చానమ్మా. ఇంత తిన్నగా కుట్టేవాళ్లు దొరకడం లేదు. కానీ ఇన్ని తానుల గుడ్డ ఎక్కడ పెడతారు? కోతబల్ల ఎక్కడ వేస్తారు? ఇక్కడా?" అని నడవలో అటూ ఇటూ చూసింది. చూడటానికి ఎక్కువ సేపు పట్టలేదు.

"గది ఉంది మేడం" అంది ఆవిడ. ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. "ప్రస్తుతం అందులో సామాను ఉంది. శనివారం రండి, ఖాళీగా చూపిస్తాను."

"చూశాకే ఆర్డరిస్తాను మరి."

ఆ సాయంత్రం ఆవిడ మొగుడితో కారు అమ్మేయమంది. ఆయన నవ్వాడు. ఆవిడ వాదించలేదు, ఏడవలేదు. మర్నాడు పొద్దున ఆయన తువ్వాలు భుజాన వేసుకుని నడవలోకి వస్తే, కుర్చీలోంచి లేవలేదు. అంతే.

"ఏమే, స్నానానికి వెళ్లాలి."

మిషను నడుస్తూనే ఉంది.

"వినపడుతోందా?"

వినపడుతోంది. ఆ రోజూ లేవలేదు, మర్నాడూ లేవలేదు. పళ్ల డాక్టరు పని పేషెంటు మొహానికి జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి స్నానం లేకుండా ఎక్కువ రోజులు జరగదు. మూడో రోజుకే అమ్మకానికి ఒప్పుకున్నాడు. ఒక్క షరతు మీద. "నా బండి ఎవడికి పడితే వాడికి ఇవ్వను. మనిషి పళ్లు చూస్తే తెలిసిపోతుంది, వాడు బండిని ఎలా చూసుకుంటాడో."

ఇక చూడండి. కారు కొనడానికి వచ్చినవాణ్ణి వచ్చినట్టే వెలుతురులోకి లాగి, నోరు తెరవమనేవాడు. మొదట వచ్చిన హోటలు యజమానికి చిగుళ్లు వాచి ఉన్నాయి. "సొంత చిగుళ్లు చూసుకోనివాడు ఇంజన్లో ఆయిలు చూస్తాడా?" అని పంపేశాడు. తర్వాత వచ్చిన సినిమాహాలు మేనేజరుకు దవడపన్ను పుచ్చింది. అతను కారు కొనలేదు సరికదా, పన్నుకు సిమెంటు పెట్టించుకుని పోయాడు. ఇంకొకతను ఎంతకీ నోరు తెరవకపోతే, దాచుకున్నవాడు దొంగేనని తేల్చేశాడు. శుక్రవారానికీ కారు గదిలోనే ఉంది. ఆవిడ గోళ్లన్నీ కొరికేసుకుంది.

శనివారం పొద్దున ఆవిడ వేసుకున్న పథకం సాదాసీదాగానే ఉంది. ఉదయం ఇంకొకాయన కారు చూడటానికి వస్తున్నాడు. మధ్యాహ్నానికి బండి కదులుతుంది. గది తుడిచి, కోతబల్ల వేసి, మిషను చేర్చేసరికి సాయంత్రం. అప్పటికి ప్రిన్సిపాల్ వస్తుంది. ఆవిడ చీపురు, బకెట్టు ముందే గది తలుపు దగ్గర పెట్టుకుంది.

ముందు ప్రిన్సిపాలే వచ్చింది, పొద్దున్నే, చెంప పట్టుకుని.

"రాత్రంతా నిద్ర లేదమ్మా, పన్ను. మీవారు డాక్టరన్నారుగా, ఇదీ అదీ ఒకేసారి అయిపోతుందని వచ్చేశాను."

చాలా రోజుల తర్వాత పన్ను కోసమే వచ్చిన పేషెంటు. డాక్టరు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, దీపం వంచి, సూది ఎత్తాడు. "కాస్త చురుక్కుమంటుంది, అంతే." పాతికేళ్లుగా ఎవరికైనా ఆయన చెప్పే మాట అదొక్కటే. సూది పొడిచి, దవడకూ చెంపకూ మధ్య ఇంత దూది కుక్కి, "మత్తెక్కాలి, కదలకండి" అన్నాడు. సరిగ్గా అప్పుడే బయట గేటు చప్పుడైంది. కారు కొనేవాడు. డాక్టరు తలుపు దగ్గరికి వేసి బయటికొచ్చాడు.

వచ్చినవాడు నవ్వాడు. డాక్టరు అక్కడికక్కడే ఆగిపోయాడు.

పళ్లంటే అవి. పైవరుస, కిందివరుస, కొలిచి పేర్చినట్టు. ఎక్కడా మరక లేదు, సందు లేదు, వంకర లేదు. "ఇంకోసారి నవ్వండి" అన్నాడు డాక్టరు. అతను ఇంకోసారి నవ్వాడు. "ఈ వయసులో ఇలాంటి పళ్లు! మీరు ఏం చేస్తారు?"

"పాత బళ్లంటే పిచ్చండీ నాకు. ఎక్కడ కనిపించినా వదలను" అన్నాడతను. అందులో అబద్ధం లేదు.

డాక్టరు తాళంచెవి తేవడానికి పరుగులాంటి నడకతో లోపలికెళ్లాడు. ఆవిడ గది తలుపు పక్కనే చీపురుతో నిలబడి ఉంది. కొనేవాడు ఆవిడను గమనించలేదు. కారు చుట్టూ తిరిగాడు. సీట్లు చూడలేదు, గడియారం చూడలేదు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి తలుపు రేకుకు అంటించాడు. టక్కున అంటుకుంది. తల ఊపాడు. వెనక బంపరు కింద రెండు చేతులూ పెట్టి, మేకపోతును ఎత్తి బరువు చూసే కసాయివాడిలా కొంచెం ఎత్తి వదిలాడు. ఆ బరువుకు ఆయాసం వచ్చి నోరు తెరిస్తే, పైవరుస పళ్లన్నీ ఒక్కసారిగా కిందికి జారి, మళ్లీ నాలుకతో పైకి వెళ్లాయి. అప్పుడు ఆవిడను చూశాడు.

అతను దేనికి వచ్చాడో ఆవిడకు అర్థమైంది. ఆవిడకు అర్థమైందని అతనికీ అర్థమైంది. మొగుణ్ణి కేకేసి ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆవిడ గచ్చు వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, పైన ఫ్యాను వైపు చూసింది.

"మంచినీళ్లు కావాలా?" అంది.

"ఇవ్వండమ్మా" అన్నాడతను, బరువు దిగినట్టు.

డాక్టరు తాళంచెవితో వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. తిప్పాడు. కారు ఉలకలేదు, పలకలేదు. "కొత్త మనిషిని చూస్తే దానికి సిగ్గు" అన్నాడు. ఇంకోసారి తిప్పాడు. సిగ్గు పోలేదు. అప్పుడే తమ్ముడు ఊడిపడ్డాడు.

"ఏంటి బావా, నాతో ఒక్క మాట చెప్పకుండా అమ్మేస్తున్నావా? లే, లే. దారి ఎలాగూ వీధి వైపు వాలుగానే ఉంది, నెడితే అదే పోతుంది. వీధిలోకి వెళ్లాక స్టార్టు కాక ఏం చేస్తుంది?"

"నెమ్మదిగా నెట్టరా బావమరిదీ, అది ఎడ్లబండి కాదు."

"ఎడ్లబండి అయితే ఎడ్లుండేవి. ఇప్పుడు నేనే ఉన్నాను."

తమ్ముడు, కొనేవాడు, ఆవిడ ముగ్గురూ వెనకనుంచి నెట్టారు. అందరికంటే గట్టిగా నెట్టింది ఆవిడే. పాతికేళ్ల బలం అది. గాలి లేని టైర్లు గచ్చు మీద మూలిగాయి, తర్వాత కదిలాయి. గడప దాటగానే వాలు అందుకుంది. కారు వాళ్ల చేతుల్లోంచి జారి తనంతట తాను నడిచింది. డాక్టరు స్టీరింగు వెనక నిటారుగా కూర్చుని, చెయ్యి కిటికీ మీద వేసుకుని, కళ్లలో నీళ్లతో, "చూశారా, చూశారా!" అంటున్నాడు. ఇంతలో కరకరమని పెద్ద చప్పుడైంది. కారు ఆగిపోయింది.

ఒక పక్క ప్రహరీగోడ. ఇంకో పక్క వెయిటింగ్ హాలు మూల. మధ్యలో కారు, సీసాకు బిరడా కొట్టినట్టు.

హాలు కట్టినప్పుడు కారు లోపల ఉంది. దారి ఎంత వెడల్పు వదలాలో తమ్ముడు తన స్కూటరుతో కొలిచాడు. ఆ తర్వాత కారు ఏనాడూ బయటికి రాలేదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. ప్రతి ఆదివారం అడ్డుపడుతున్నది దుమ్మని అనుకున్నారు, కాదు, గోడ.

"ఇది నువ్వు కట్టించిన హాలేగా?" అన్నాడు డాక్టరు, కారు కిటికీలోంచి ఎలాగో బయటపడి, పళ్లు కొరుకుతూ.

"కట్టించమన్నది ఎవరు బావా? కారు కట్టుకుని కూర్చోకుండా అప్పుడప్పుడు బయటికి తీసి ఉంటే అప్పుడే తెలిసేదిగా!"

"స్కూటరుతో కొలుస్తారట్రా ఎవరైనా?"

"నాకున్నది అదే మరి. మీ చెల్లెల్ని చేసుకున్నందుకు నాకెవడూ కారివ్వలేదు."

ఆయన చెల్లెల్నే తమ్ముడికిచ్చారు. ఆ గొడవ వేరే ఉంది, అందులోకి వెళ్తే ఈ కథ తెమలదు. ఈలోగా ఎక్కడినుంచో దబదబా చప్పుడు వినిపించింది. అందరూ అటు తిరిగారు. క్లినిక్ తలుపు. బయటికి తెరుచుకునే తలుపు. దానికి అడ్డంగా, నిండుగా, నల్లగా, కారు.

కిటికీ ఊచల వెనక ప్రిన్సిపాల్ మొహం కనిపించింది. ఒక చెంప మామూలుగా ఉంది, ఇంకో చెంప దూదితో బూరెలా ఉబ్బి ఉంది. చేత్తో తలుపు చూపించింది. తర్వాత నోరు చూపించింది. తర్వాత, చేతి గడియారం.

"ఒక్క నిమిషం మేడం, మత్తు బాగా ఎక్కనివ్వండి" అన్నాడు డాక్టరు.

"ఎక్కి దిగిపోయేలా ఉందండీ!" అంది ఆవిడ. "త్వరగా ఏదో ఒకటి చెయ్యండి. ఆ హాలు మూలలో నాలుగిటుకలు తీస్తే బండి జారిపోతుంది."

"హాలు జోలికెళ్తే ఊరుకోను. అది నా ప్రాక్టీసు."

"అందులో ఈగ కూడా కూర్చోవడం లేదు కదండీ."

"ఈగలు కూర్చుంటే అది క్లినిక్ అవదు."

"పోనీ, వీధిలోంచి నలుగురు కలిసి ముందునుంచి వెనక్కి నెడితే?"

"ముందు పక్షి ఉంది. దాని మెడ విరిగితే నువ్వు అతుకుతావా? నువ్వు కుట్టేది గుడ్డ."

కొనేవాడు గొంతు సవరించుకున్నాడు. "మా లారీ వెనక సందులో ఉందండీ. తాడు కట్టి వెనక్కి లాగించనా? కాకపోతే మధ్యలో ఈ కారుగది వెనక గోడ అడ్డం."

హాలు గోడ, పక్షి మెడ, గది గోడ. మూడింటిలో ఏదో ఒకటి పోవాలి. డాక్టరు ఎక్కువసేపు ఆలోచించలేదు.

"గది గోడ పగలగొట్టండి."

"ఏమండీ!" అంది ఆవిడ.

"ఒక చిన్న కంతే. తాడు దూరేంత. మళ్లీ పూడ్పిస్తాను. కాస్త చురుక్కుమంటుంది, అంతే."

తమ్ముడు గునపం పట్టుకొచ్చాడు. "నువ్వు కంగారుపడకక్కా. ఈ గోడా నేనే కట్టించాను. ఎక్కడ కొట్టాలో నాకు తెలుసు."

ఆవిడ అడ్డం నిలబడింది. కిటికీ ఊచల్లోంచి ప్రిన్సిపాల్ మూలుగు వినిపించింది. ఆ మనిషి బయటికి రాకపోతే ఆర్డరు లేదు. బయటికి రావాలంటే గోడ పడాలి. ఆవిడ పక్కకు తప్పుకుంది. ఎవరు స్నానానికి వెళ్లినా తప్పుకున్నట్టే, కడుపు లోపలికి పీల్చుకుని.

తమ్ముడు మొదటి పోటు పొడిచాడు. తాడు దూరేంత కంత పడింది. "చూశావా!" అన్నాడు. అందంగా గుండ్రంగా చేద్దామని ఇంకో పోటు పొడిచాడు. అతను అన్నట్టే, ఎక్కడ కొట్టాలో అతనికి బాగా తెలుసు. పైకప్పు దూలం కూర్చున్నది సరిగ్గా ఆ ఇటుకల మీదే. ముందు దూలం వంగింది, తర్వాత రేకులు జారాయి. ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి, ఏళ్ల తరబడి ఎవరికీ విసరని గాలి ఒక్కసారి విసిరి, గచ్చు మీద పడి ముక్కలైంది. దాని మీద గోడ పడింది. ఊళ్లో ఉన్న దుమ్మంతా ఆదివారాలు మానుకుని ఆ శనివారమే వచ్చింది.

తమ్ముడు సున్నం కొట్టిన బొమ్మలా బయటికొచ్చాడు. ఒంటికి ఏమీ కాలేదు. కారు దారిలో ఇరుక్కుని ఉంది కాబట్టి దాని మీద రేణువు కూడా పడలేదు.

దుమ్ము తగ్గాక, గోడ ఉండాల్సిన చోట వెనక సందు కనిపించింది. సందులో లారీ. లారీలో తుప్పుపట్టిన మంచాలు, తలుపుల్లేని ఫ్రిజ్‌లు, నలిపేసిన కార్ల రేకులు దుప్పట్లు మడిచి పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి. వాటి పక్కన గొలుసుకు వేలాడుతూ ఒక పెద్ద కాటా.

డాక్టరు లారీని చూశాడు, అతన్ని చూశాడు. "నా బండిని మీరు నడపరా?"

"నడిపేదేముందండీ? తూకమే" అన్నాడతను, ఇక దాచి లాభం లేదని. ఆ మాటకు తనకే నవ్వొచ్చింది. నోరారా నవ్వాడు. నోరారా అంటే మరీ నోరారా. పైవరుస పళ్లు బయటికి దూకాయి. డాక్టరు, వృత్తి అలవాటు కొద్దీ, వాటిని గాల్లోనే పట్టుకున్నాడు.

అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు తిప్పి చూశాడు. నాసిరకం పని. వెనక అంచుకు కనీసం నునుపు కూడా పట్టలేదు. "పళ్లు కూడా నీవి కావా!" అన్నాడు. నుదురు కొట్టుకున్నాడు. పెళ్లాం గది కూలినప్పుడు కొట్టుకోలేదు.

"నీకు బండి ఇవ్వను. ఫో!"

"ఆయన పళ్లు కట్టుడువని నాకు పొద్దున్నే తెలుసు" అంది ఆవిడ మెల్లగా.

డాక్టరు గిరుక్కున తిరిగాడు. "తెలుసా? తెలిసీ చెప్పలేదా? ఇన్నేళ్లు మనింట్లో మనిషిలా ఉన్న బండిని తీసుకెళ్లి కసాయివాడి చేతిలో పెడతావా? నీకసలు మనసుందా?"

"మనిషిలానే ఉందండీ అది, గదిలో. సామానులా ఉన్నది నేను, నడవలో."

తమ్ముడు తలమీది సున్నం దులుపుకుంటూ, ఎటు చూడాలో తెలియక, పైకి చూశాడు. పైన ఆకాశం ఉంది.

కొనేవాడు తన పళ్లు తాను తీసుకుని కడుక్కుని పెట్టుకున్నాడు. "అమ్మకపోతే మానెయ్యండి. మరి ఆ లోపలున్న అమ్మ సంగతేంటి? బేరం లేనప్పుడు ఊరికే లాగిపెట్టడానికి నాకేం పట్టింది?" కారు చుట్టూ ఒకసారి చూసి, ముక్కు మీద వేలు పెట్టాడు. కారు ముక్కు మీద. "ఇది ఇచ్చేయండి, లాగిస్తాను."

ఆ పక్షి మెడ విరక్కూడదనే కదా గోడ పగలగొట్టింది. డాక్టరు మొహం పక్కకు తిప్పుకుంటే, అతను స్పానరు వేసి నాలుగు తిప్పులు తిప్పాడు. పక్షి ఎగిరి అతని సంచిలో వాలింది. ఆ నాలుగు తిప్పులూ ముందే తిప్పి ఉంటే అందరూ కలిసి ముందునుంచే నెట్టేవారు. లారీ గుర్రుమంది. కారు, వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, కప్పులేని గదిలో ఇటుకల మధ్య తన పాత చోట నిలబడింది.

క్లినిక్ తలుపు తెరుచుకుంది. ప్రిన్సిపాల్ నోట్లో దూది తీసి తొట్టిలో పడేసి బయటికొచ్చింది. మత్తు ఎప్పుడో దిగిపోయింది, పన్ను మాత్రం ఉన్నచోటే ఉంది.

"కూర్చోండి మేడం, ఇప్పుడే పీకేస్తాను" అన్నాడు డాక్టరు.

"వద్దులెండి. ఇక్కడికొచ్చాక నొప్పి అంటే ఏంటో తెలిసింది, పన్నుది చిన్నదే" అంది ఆమె. తర్వాత ఆవిడ వైపు తిరిగింది. "గది చూపిస్తానన్నారు."

ఆవిడ చూపించింది. రెండున్నర గోడలు, రేకుల కుప్ప, మధ్యలో కారు. చీపురు, బకెట్టు గడప దగ్గర ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి.

ప్రిన్సిపాల్ తల పైకెత్తి చూసింది. చెడ్డ మనిషి కాదు. "వెలుతురు బాగుందమ్మా" అంది. "కానీ పిల్లల బట్టలు కదా, తడవకూడదు." చెంప పట్టుకుని వెళ్లిపోయింది.

గోడ పూడ్పిస్తానన్న డాక్టరు మాట, ఓడలో రావాల్సిన పంపు, రెండూ కలిసే వస్తున్నట్టున్నాయి, ఇంకా చేరలేదు. తమ్ముడు మాత్రం కారు మీద వాన పడకుండా ఒక పెద్ద ప్లాస్టిక్ పట్టా తెచ్చి, మిగిలిన గోడలకు కట్టి వెళ్లాడు. డాక్టరు యథాప్రకారం ఆదివారాలు స్టీరింగు ముందు కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఎదురుగా పక్షి లేని ముక్కు, పీకిన పన్ను చోటులా ఖాళీగా ఉంటుంది.

బడి తెరిచిన కొత్తలో ఒక ఆదివారం, ఏదో ఆటల పోటీకి కాబోలు, పిల్లలు కొత్త యూనిఫాంలో వెనక సందులోంచి వరసగా వెళ్లారు. గోడ లేదు కాబట్టి అందరూ కనిపించారు. ఆవిడ మిషను దగ్గరనుంచి లేచి వచ్చి చూసింది. ఒక్కడి కాలరు కూడా తిన్నగా లేదు. చివరి పిల్లాడు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికెళ్లి, చేతిపని గుడ్డలూ గుండుసూదుల డబ్బా తెచ్చుకుంది. డాక్టరు పేపరు మడిచి, కిందికి దిగి, వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. ఆవిడ ఎక్కి, తేనెరంగు తోలు సీటు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. చోటు బాగుంది. రెండు పక్కలా అద్దాలు, కావలసినంత వెలుతురు, లేవమనేవాళ్లు లేరు. సూదుల డబ్బా మూత తీసి, ఒక్కో గుండుసూదినీ తీసి, అందుబాటుగా ఉంటుందని, పక్కనున్న తోలుసీటుకు గుచ్చడం మొదలుపెట్టింది.

ముందు సీటులో డాక్టరు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"కాస్త చురుక్కుమంటుందండీ, అంతే" అంది ఆవిడ, ఇంకోటి గుచ్చుతూ.

కథ అయిపోయింది. మీరు కనిపెట్టలేదు గానీ ఇందులో ఒక్క అబద్ధం చెప్పాను. పందెం ప్రకారం మీకు నా పన్నొకటి బాకీ. నా నోట్లో పళ్లు ఊడిపోయి చాలా ఏళ్లయింది, ఉంటే ఇచ్చేవాణ్ణే. పక్షి నిజం, కట్టుడుపళ్లు నిజం, ఫ్యాను విసిరిన ఆ ఒక్క విసురూ నిజం. డాక్టరు కిందికి దిగి ఆవిడకు కారు తలుపు తీసి పట్టుకున్నాడన్నానే, అది మాత్రం నేను కల్పించింది.

తలుపు ఆవిడే తీసుకుంది.